గోటితో పోయిన ఎర్ర రిబ్బన్

ఒక ఊరి పండగను ఒకే ఒక్క బొటనవేలితో ఆపేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ మహానుభావురాలిని నేనే. పోలీసులు రాలేదు గాని, భూతద్దం వచ్చింది. హాలు తలుపులు మూశారు. ఒక పెద్దాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంత ఘోరానికీ నేను చేసిందల్లా మా అమ్మ చిన్నప్పుడు నేర్పిన పని చేయడమే. అబద్ధం కూడా ఆడలేదు, మొదటి పావుగంట తప్ప.

నేనిప్పుడు మిల్టన్‌లో ఉంటాను. పొద్దున్నే రైలెక్కి టొరంటో ఆఫీసుకు పోయి, సాయంత్రం తిరిగొచ్చే గౌరవనీయురాలిని. ఈ సంగతి జరిగినప్పుడు మాత్రం స్టూడెంట్‌ని. మనవాళ్ళు విమానాలకు విమానాలు నిండి కెనడాలో దిగుతున్న రోజులవి. బ్రాంప్టన్‌లో ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది సర్దుకునేవాళ్ళు. నాకు సీటొచ్చిన కాలేజీ టొరంటోకు రెండున్నర గంటల దూరంలో, మొక్కజొన్న చేల మధ్యనున్న ఒక చిన్న ఊళ్ళో ఉంది. మా ఏజెంటు "టొరంటో పక్కనేనమ్మా" అన్నాడు. ఆయన లెక్కన మా తెనాలి కూడా టొరంటో పక్కనే అయ్యుండాలి.

అదృష్టం ఏమిటంటే, ఆ ఊళ్ళో నాకూ, నా క్లాస్‌మేట్ హర్షితకూ మంచి ఇల్లు దొరికింది. హర్షితది కరీంనగర్. ఇంటావిడ పేరు మార్గరెట్. డెబ్బై నాలుగేళ్ళు, భర్త లేడు, ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. గొంతు ఇంకా బస్సులో వెనక సీటు దాకా వినిపించేంత ఉండేది. మొదటి రోజు అలవాటు కొద్దీ "ఆంటీ" అన్నాను.

"నేను నీకు ఆంటీని ఎలా అయ్యాను? మీ నాన్నకు చెల్లెలినా?" అని అడిగింది.

"కాదండీ. మా దగ్గర పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తాం."

"ఊళ్ళో ఉన్న వాళ్ళందరూ మీ నాన్నకు చెల్లెళ్ళేనా? పాపం మీ నాన్న!"

వారం తిరక్కుండా ఆవిడే ఫోనెత్తి "మార్గరెట్ ఆంటీ మాట్లాడుతున్నాను" అనడం మొదలుపెట్టింది. (ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. మీకోసం నేను తెలుగు చేస్తున్నాను. మధ్యలో కాస్త కారం తగిలితే అది నాది.)

ఇంటి వెనక అరెకరం తోట. ఆ తోటే ఆవిడ ప్రాణం. ఏప్రిల్‌లో ఎండ కనబడగానే మేమిద్దరం ఉత్సాహంగా పార పట్టుకుని బయల్దేరితే, మెట్ల మీదే ఆపేసింది.

"మే నెల లాంగ్ వీకెండ్ దాటేదాకా రాత్రిళ్ళు మంచు పడుతుంది, ఒక్క విత్తనం కూడా నేలలో పడటానికి వీల్లేదు."

"మా దిక్కు ఉగాది కల్లా బీరపాదు పందిరెక్కుతది ఆంటీ," అన్నది హర్షిత.

"ఇక్కడ ఉగాదికి పాదు పందిరెక్కదు, మనిషి మంచమెక్కుతాడు. లోపలికి పదండి."

ఆ తోటలో టొమాటోలు, బీన్స్, క్యారెట్లు అన్నీ ఉండేవి గాని, రాణీవాసం మాత్రం మారోది. మారో అంటే మన సొరకాయకు మేనత్త కూతురు అనుకోండి. అదే పొడుగు, అదే నునుపు, కాకపోతే ఒంటి మీద లేత చారలుంటాయి. పాదుకు ఒక్క కాయనే ఉంచి, మిగతా పిందెలన్నీ తుంచేసి, ఆ ఒక్కదాని కింద గడ్డి పరిచి, మధ్యాహ్నం ఎండ తగలకుండా పాత దిండు గలీబు కప్పేది మార్గరెట్ ఆంటీ. పొద్దున లేచి ముందు దాన్ని చూసి, తర్వాతే కాఫీ పెట్టుకునేది.

"ఎందుకండీ ఇంత గారాబం?" అని అడిగాను ఒకరోజు.

ఆవిడ టొమాటో మొక్కల వైపు చూపించింది. ప్రతి మొక్కనూ కర్రకు ఒక నీలం పట్టు రిబ్బన్‌తో కట్టి ఉంది. వాటి మీద బంగారు రంగులో ఏవో అక్షరాలు కూడా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చదివితే, అన్నిటి మీదా ఒకే మాట. రెండో బహుమతి.

సంగతి ఏమిటంటే, ప్రతి సెప్టెంబరులో ఆ ఊళ్ళో ఫాల్ ఫెయిర్ అని ఒక పండగ జరుగుతుంది. ట్రాక్టర్ల పందేలు, పశువుల ప్రదర్శన, పై అనే తియ్యటి పిండివంటల పోటీ, కూరగాయల పోటీ. కూరగాయల్లో మొదటి బహుమతికి ఎర్ర రిబ్బన్, రెండోదానికి నీలం, మూడోదానికి తెలుపు. మారోల పోటీలో పందొమ్మిదేళ్ళుగా ఎర్ర రిబ్బన్ ఎదురింటి వాల్టర్ గారికే వస్తోంది. పందొమ్మిదేళ్ళుగా నీలం మార్గరెట్ ఆంటీకి వస్తోంది. వాల్టర్ గారు ఒకప్పుడు పాడి రైతు. ఎనభై దాటాయి. మంచివాడే. రోజూ రోడ్డవతలి నుంచి "ఎలా ఉంది నీ చిన్న మారో?" అని అడిగేవాడు. ఆ "చిన్న" అన్న మాట వినగానే ఆవిడ చెవులు ఎర్రబడేవి.

"ఈ ఏడాదే ఆఖరు షెవానీ," అన్నది. నా పేరు శ్రావణి. ఆవిడ నోట్లో అది అలా మారింది. "మోకాళ్ళు సహకరించడం లేదు. చచ్చేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ వాల్టర్‌ని ఓడించాలి."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ మారోకు నేనూ, హర్షితా కూడా నీళ్ళు పోశాం, పురుగులేరాం (కాయను మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు), దండం ఒక్కటే పెట్టలేదు.

సరే. సెప్టెంబరు వచ్చింది. పండగలో కూరగాయలు తీసుకునే బల్ల దగ్గర వాలంటీర్లు కావాలన్నారు. "మేమొస్తాం ఆంటీ!" అని ఎగిరి గంతేశాం. ఇందులో సేవాభావం ఎంతో మీరు కంగారుపడి అంచనా వేయకండి. కెనడాలో వాలంటీర్ పని చేస్తే రెజ్యూమెకు మంచిదని ఒక సీనియర్ చెప్పాడు. మేం పాతాళ భైరవిని మెప్పించమన్నా మెప్పించేవాళ్ళం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత నాకు రాక కాదు. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.

ఇక్కడ కథ ఆపి మా అమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. లేకపోతే నన్ను మీరు అపార్థం చేసుకుంటారు.

మా ఇంట్లో ఆడపిల్లకు పదేళ్ళు రాగానే నేర్పే మొదటి విద్య సొరకాయ కొనడం. బజారుకు వెళ్ళాలి. కాయను ఎడం చేత్తో పట్టుకోవాలి. తొడిమ పక్కన కుడిచేతి బొటనవేలి గోరు పెట్టి నొక్కాలి. గోరు సుతారంగా దిగిందా, లేత. దిగలేదా, ముదురు. ముదురైతే బేరం కూడా ఆడకుండా పక్క బండికి పోవాలి. ఒకసారి ఆటల ధ్యాసలో గోరు పెట్టకుండా కాయ తెచ్చాను. అమ్మ దాన్ని ఒక్కసారి చేత్తో తట్టి, "ఇది సొరకాయ కాదే, తంబూరా. తీసుకుపోయి మీటుకో," అన్నది. బండివాడికి దాన్ని తిరిగిచ్చి రావడానికి నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి నా బొటనవేలికి సొంత బుర్ర వచ్చేసింది. సొరకాయ లాంటిది చేతికి తగిలితే చాలు, నన్ను అడక్కుండా తన పని తాను చేసుకుపోతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. తెనాలి బజారులో వచ్చిన బుద్ధి విమానం ఎక్కినంత మాత్రాన పోతుందా?

మీకు విషయం అర్థమైపోయింది కదా. నాకు మాత్రం అప్పటికి అర్థం కాలేదు.

పండగ రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఐస్ హాకీ ఆడే హాల్లో బల్లలు వేశారు. చలికాలం ఇంకా రాలేదు కాబట్టి ఐస్ లేదు, సిమెంటు నేలే. నాకు మారోల బల్ల, హర్షితకు పక్కనే క్యారెట్ల బల్ల. మార్గరెట్ ఆంటీ తన మారోను తువ్వాల్లో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకో," అన్నది.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి ఆంటీ. నేనున్నాను కదా!"

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

నా పని చాలా సులువు. కాయ తీసుకోవాలి, పుస్తకంలో పేరు రాయాలి, నంబరు చీటీ కట్టి పళ్ళెంలో పెట్టాలి. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. "గుడ్ మార్నింగ్, ఎంత బావుందో మీ మారో!" అంటూ అందుకోవడం, పేరు రాయడం, పళ్ళెంలో పెట్టడం. మొత్తం ఎనిమిది కాయలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. తొమ్మిదోది వాల్టర్ గారిది. ఆయన దాన్ని మనవరాలి తోపుడు బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తోసుకొచ్చాడు. అమ్మో, ఏం కాయ అది! తొమ్మిది నెలల పిల్లంత ఉంది. నేను చేతులు చాచాను.

"వద్దమ్మా. నా కాయను నేనే పెట్టుకుంటాను. ఎవరినీ ముట్టుకోనివ్వను," అన్నాడు.

"సరే అంకుల్," అని చీటీ అందించాను. ఆయనే కట్టుకుని, ఆయనే పెట్టుకుని, రుమాలుతో ఒకసారి తుడిచి వెళ్ళాడు.

పదింటికి జడ్జి వచ్చింది. ఐరీన్ గారని పక్క ఊరావిడ. ఆవిడకూ డెబ్బై పైనే. మెడలో నల్లతాడుకు భూతద్దం వేలాడుతోంది. పోటీలో ఉన్నవాళ్ళందరినీ తాడు అవతల నిలబెట్టారు. జడ్జి చెప్పింది రాసుకోవడానికి పక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే.

ఐరీన్ గారు మొదటి మారో మీదికి వంగింది. భూతద్దం ఎత్తింది. "ఊఁ," అన్నది.

"తొడిమ పక్కన ఒక గాటుంది. నెలవంకలా. పురుగు కొరికినట్టుంది. రాసుకో."

"ఒకటో నంబరు, పురుగు," అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

"రెండోదానికీ ఉంది. రాసుకో."

రాశాను. మూడోదానికీ ఉన్నది. నాలుగోది మార్గరెట్ ఆంటీది. దానికీ ఉన్నది.

"వింతగా ఉందే. అన్నిటికీ ఒకే చోట, ఒకే ఆకారం, ఒకే కొలత. ఈ పురుగుకు చాలా క్రమశిక్షణ ఉంది," అన్నది ఐరీన్ గారు.

అప్పుడు నా చూపు కలం పట్టుకున్న నా బొటనవేలి మీద పడింది. గోరు కింద ఆకుపచ్చగా ఏదో ఉంది. నేను గోరును చూశాను, మారోను చూశాను, మళ్ళీ గోరును చూశాను. కాళ్ళ కింద సిమెంటు నేల ఐసుగా మారినట్టయింది. ఓరి భగవంతుడా! పురుగును నేనే! నా నేరానికి పంచనామా నేనే రాస్తున్నాను!

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మారోల పురుగు ఏదంటే నేను బొటనవేలు గుప్పిట్లో దాచుకున్నాను. ఇక కలం ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మిగతా నాలుగు నంబర్లకూ "పురుగు, పురుగు" అని చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య కలం ఇరికించి రాశాను. అక్షరాలే పురుగుల్లా వచ్చాయి.

ఎనిమిదో కాయ దగ్గర ఐరీన్ గారు నడుం నిటారు చేసింది. "ఇది మామూలు పురుగు కాదు. కొత్త రకం. వ్యవసాయ శాఖకు ఫోన్ చేయాలి. అప్పటిదాకా తలుపులు మూసేయండి. ఒక్క కూరగాయ కూడా బయటికి పోవద్దు," అని ప్రకటించింది.

హాలంతా కలకలం మొదలైంది. పిండివంటల పోటీ ఆపేశారు. పైలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు పళ్ళేల మీద గుడ్డలు కప్పేశారు. తాడు వెనక నుంచి ఎవరో అన్నారు, "ఈ మధ్య బయటి దేశాల నుంచి చాలా వచ్చేస్తున్నాయి." పురుగుల గురించే అన్నారు పాపం. అయినా నేనూ, హర్షితా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

హర్షిత క్యారెట్ల బల్ల దగ్గర నుంచి మెల్లగా జరిగి నా పక్కకు వచ్చింది. తెలుగులో మాట్లాడితే మా ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి దర్జాగా గొంతెత్తే అడిగింది.

"ఏందే, గా గీత జూస్తుంటె నాకు నీ గోరే యాదికొస్తున్నది. నువ్వేనా?"

"నేనేనే."

"అన్నీ?"

"ఎనిమిదీ. నాకు తెలియకుండా నొక్కేశానే. సొరకాయ అనుకుని..."

"సచ్చినం పో! వాలంటీర్ లెటర్ల ఇగ పురుగు అని రాసిస్తరు."

ఇంతలో తాడు వెనక నుంచి టోపీ పెట్టుకున్న ఒక రైతు నెమ్మదిగా అన్నాడు. "పురుగైతే మరి తొమ్మిదోదాన్ని ఎందుకు వదిలేసింది?"

ఐరీన్ గారు తొమ్మిదో కాయ దగ్గరికి వెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. గాటు లేదు. గీత లేదు. అద్దంలా ఉంది. వాల్టర్ గారి కాయ.

హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి వాల్టర్ గారి వైపు తిరిగాయి.

"ఇది పురుగు కాదు. ఎవరో మనిషి గోరు," అన్నాడు టోపీ రైతు.

"వాల్టర్!" అన్నది మార్గరెట్ ఆంటీ. స్కూలు బస్సు గొంతు. "పందొమ్మిదేళ్ళు నేనేమీ అనలేదు. ఇవాళ నిజం చెప్పు."

"నేనా? మార్గరెట్, నేను ముట్టుకోలేదు. ఒట్టు," అన్నాడు వాల్టర్ గారు.

ఐరీన్ గారు భూతద్దం దించింది. "నాకూ బాధగానే ఉంది. కానీ అనుమానం ఉన్న కాయను పోటీలో ఉంచలేను. తొమ్మిదో నంబరు పక్కన పెట్టాలి. మిగతా ఎనిమిదింటికీ ఒకే దెబ్బ తగిలింది కాబట్టి ఆ దెబ్బ లెక్కలోకి రాదు. ఆ ఎనిమిదిలో అన్నిటికన్నా మంచిది..." అని చూసి, "నాలుగో నంబరు," అన్నది.

నాలుగు మార్గరెట్ ఆంటీది!

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నా కడుపులో ఒక పక్క పాలు పోసినట్టుంది, ఇంకో పక్క నిప్పులు పోసినట్టుంది.

"ఊకో," అన్నది హర్షిత నా చెయ్యి పిసుకుతూ. "నోరు దెరవకు. ఆంటీకి ఎర్ర రిబ్బన్ వస్తున్నది. గాయనకు పందొమ్మిదున్నయ్, ఇంకొకటి లేకుంటె ఏమైతది?"

నిజమే అనిపించింది. ఆంటీ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇదే ఆఖరు అన్న మాట గుర్తొచ్చింది. పావుగంటగా నోరు మూసుకున్న దాన్ని, ఇంకో రెండు నిమిషాలు మూసుకుంటే చాలు. మూసుకుందామనే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

అప్పుడు వాల్టర్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఉన్న నాలుగు తెల్ల వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి. "మార్గరెట్," అన్నాడు. "మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం నీ ఇంటి ముందు మంచు ఎత్తిపోసింది నేనే. అలాంటివాణ్ణి, నీ కాయ మీద చెయ్యి వేస్తానా?" కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు తుడుచుకోవడానికి మారో తుడిచిన రుమాలే తీశాడు.

ఇక నా వల్ల కాలేదు.

"నేనే!" అని అరిచాను. అనుకున్నదానికన్నా చాలా గట్టిగా వచ్చింది. "నేనే ఆ పురుగుని! వాల్టర్ అంకుల్ ఏమీ చేయలేదు!"

"నీ కథ ఖతం," అన్నది హర్షిత. కానీ నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఐరీన్ గారు నా దగ్గరికి వచ్చింది. "ఎందుకు చేశావు?"

"మా దేశంలో ఇలాంటి కాయ కొనాలంటే గోరు గుచ్చి చూస్తామండీ."

"ఎందుకు?"

ఇదిగో, ఇక్కడే నా ఇంగ్లీషు నన్ను నట్టేట ముంచింది. "ముదురు" అన్న మాటకు ఇంగ్లీషులో ఏమంటారో ఎంత వెతికినా తట్టలేదు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఇంగ్లీషు పరీక్షలో ఏడు తెచ్చుకున్నదాన్ని, ఒక సొరకాయ దగ్గర బోర్లా పడ్డాను. చివరికి నోటికొచ్చింది అనేశాను. "ఓల్డ్ అవునో కాదో తెలుసుకోవడానికండీ."

"ముసలిదైతే?"

"మా అమ్మ ఇంట్లోకి రానివ్వదండీ. వెనక్కి పంపేస్తుంది."

ఆ హాల్లో అరవై దాటనివాళ్ళం నేనూ, హర్షితా తప్ప ఎవరూ ఉన్నట్టు లేరు. అందరూ ఒక్కసారి సర్దుకుని నిలబడ్డారు. ఐరీన్ గారు జుట్టు సవరించుకుంది.

"అంటే కాయను పాడు చేయాలని కాదు. అది మీ పద్ధతి," అన్నది.

"పద్ధతి కూడా కాదండీ, జబ్బు. నా బొటనవేలు నా మాట వినదు."

తాడు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గాలి తేలికపడింది. ఐరీన్ గారికి కూడా ఆసక్తి కలిగింది. "ఏదీ, ఎలా నొక్కుతారో ఒకసారి చూపించు," అన్నది.

నేరం ఒప్పుకున్న మనిషికి వచ్చే ఉత్సాహం ఎలాంటిదో మీకు తెలియదు. నన్ను తిట్టలేదు, పైగా నా విద్య చూపించమంటున్నారు! "ఇలాగండీ," అంటూ బల్ల మీద దగ్గరగా ఉన్న కాయను ఎడం చేత్తో పట్టుకుని, తొడిమ పక్కన కుడి బొటనవేలు పెట్టి, గట్టిగా నొక్కాను.

"నో!" అని హాలు హాలంతా అరిచింది.

అది తొమ్మిదో నంబరు.

ఇంకా ఉంది, వినండి. నా గోరు దిగలేదు. "టిక్" మని విరిగింది. విరిగిన గోరు నొప్పితో పాటు మా అమ్మ కూడా నాలోకి దిగినట్టుంది. ఎదురుగా పందొమ్మిదేళ్ళ విజేత నిలబడ్డాడన్న జ్ఞానం కూడా లేకుండా, "ముదురు!" అని తీర్పు చెప్పేసి, అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులో కూడా చెప్పాను. "ఓల్డ్! వెరీ, వెరీ ఓల్డ్!"

"ఎవరు, నేనా?" అన్నాడు వాల్టర్ గారు.

ఐరీన్ గారు మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి ఆ కాయను తీసుకుని తన గోరు పెట్టి నొక్కింది. దిగలేదు. నాలుగో కాయ తెచ్చి నొక్కింది. వెన్నలో దిగినట్టు దిగింది. ఆవిడ నా పుస్తకం లాక్కుని పేజీ పైన పోటీ పేరు చదివింది. "వంటకు పనికొచ్చే మారో, ఒకటి." మళ్ళీ చదివింది. "వంటకు పనికొచ్చే," అని ఆ రెండు మాటలనూ ఒత్తి పలికింది. కత్తి తెప్పించింది. వాల్టర్ గారి మారోను కోయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. లోపల గింజలు చింతపిక్కల్లా ఉన్నాయి.

"ఇన్నేళ్ళుగా మేమందరం సైజు చూసి బహుమతి ఇస్తున్నాం," అన్నది ఐరీన్ గారు. తనతో తానే అనుకున్నట్టు అన్నది.

తర్వాత ఆవిడ చాలాసేపు లెక్కలు వేసుకుని, గొంతు సవరించుకుంది. "ఇందాక తొందరపడ్డాను. గాటు ఉన్న కాయకు మొదటి బహుమతి ఇవ్వకూడదని మా నియమం. తొమ్మిదోది కత్తికి పోయింది కాబట్టి, ఇప్పుడు గాటు లేని కాయ ఒక్కటీ మిగల్లేదు." అందరూ నా వైపు చూశారు. "కాబట్టి ఈ ఏడాది మారోలకు మొదటి బహుమతి లేదు. రెండో బహుమతి, నాలుగో నంబరు, మార్గరెట్. మూడో బహుమతి, సైజును గౌరవించి, తొమ్మిదో నంబరు, వాల్టర్."

అయిపోయింది. మళ్ళీ నీలం రిబ్బనే. చేతికందిన ఎర్ర రిబ్బన్‌ను ఆవిడకు దక్కకుండా చేసింది ఎవరయ్యా అంటే, ఆవిడ ఇంట్లో ఉండి, ఆవిడ చేతి సూపు తాగిన నేను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకంటారు పెద్దలు. నాకు గోరు ఒక్కటే చాలింది. ఏడుపు ఆగలేదు. మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను. బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో తొమ్మిదో మనిషిగా ఏ మూల పడుకోవాలో కూడా ఆలోచించుకున్నాను.

మార్గరెట్ ఆంటీ నీలం రిబ్బన్ అందుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. మొహంలో ఏమీ తెలియడం లేదు.

"క్షమించండి ఆంటీ," అన్నాను ముక్కు చీదుతూ.

"ఆగు. ఎర్రది ఎవరికి?" అన్నది.

"ఎవరికీ లేదండీ."

"అంటే నా పైన?"

"ఎవరూ లేరండీ."

"నా కింద?"

నేను తెల్ల రిబ్బన్ పట్టుకుని దిక్కులు చూస్తున్న పెద్దాయనను చూశాను. "వాల్టర్ అంకుల్," అన్నాను.

ఆవిడ మొహం మెల్లమెల్లగా వెలిగింది. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, తర్వాత స్కూలు బస్సు అంతా నవ్వింది. "పిచ్చిదానా, నాకు ఎర్ర రిబ్బన్ కావాలని ఎవరన్నారు? నాకు కావలసింది వాల్టర్ నా కింద ఉండటం!" అని నన్ను లాగి కౌగిలించుకుంది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. హర్షిత వచ్చి మా ఇద్దరి మీదా పడింది.

అప్పుడు వాల్టర్ గారు టోపీ తిరిగి పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయ్, వచ్చే ఏడాది కాయ కోసే ముందు మా తోటకొచ్చి ఒకసారి గోరు పెట్టి చూస్తావా?"

మార్గరెట్ ఆంటీ చప్పున నా చేతిని లాక్కుని తన రెండు చేతుల మధ్య దాచేసింది.

"కుదరదు వాల్టర్. ఈ అమ్మాయి నా ఇంట్లో అద్దెకుంటోంది. ఈ గోరు నాది."

ఆ సాయంత్రం విరిగిన గోరుకు ప్లాస్టర్ వేసుకుని, తూర్పుకు తిరిగి, ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. డబ్బిచ్చి కొననిదే, నా సొంతం కానిదే, ఈ జన్మలో ఏ సొరకాయ మీదా, ఏ మారో మీదా, ఆ జాతికి చెందిన ఏ కాయ మీదా గోరు వేయను. మిల్టన్‌లో ఇప్పటికీ దుకాణానికి వెళ్తే కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకునే తిరుగుతాను. ఈ వ్రతానికి ఒకే ఒక్క మినహాయింపు, బెండకాయ. దాని తోక తుంచకుండా కొనే నిగ్రహం మునులకే ఉండి ఉంటుంది, నాకెక్కడిది!